కొత్త సీలు

సీలు కారుతోందని తేలితే రేపటి నుంచి పనిలోకి రావద్దని జైపాల్ భానుకు నలుగురిలోనే చెప్పేశాడు. చిక్కడపల్లి సందులో ఆ షెడ్డు జైపాల్‌ది. ఆరేళ్లుగా అందులో బండ్లు విప్పి బిగిస్తున్నవాడు భాను. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన కొత్తలో ఇసుక తట్టలు మోశాడు. మళ్లీ ఆ తట్ట ఎత్తుకోవడం తన నడుము వల్ల కాదని అతనికి తెలుసు.

గొడవ తెచ్చినవాడు అశోక్‌నగర్ ఉదయ్ కుమార్. అయిదు రోజుల కిందట భాను అతని బండి ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు గొట్టాలకు, లోపలి నూనె బయటికి కారకుండా కొత్త ఆయిల్ సీళ్లు వేశాడు. ఈ పొద్దున నారాయణగూడ చౌరస్తాలో బ్రేకు నొక్కితే బండి ఆగలేదు. ఆటోను తప్పించబోయి పక్కకు పడ్డారు. వెనక కూర్చున్న తల్లి దమయంతి మోచెయ్యి చీరుకుపోయింది. ఇప్పుడామె చేతికి కట్టుతో షెడ్డులో స్టూలు మీద కూర్చుంది. సీలు కారి, ఆ నూనె బ్రేకు డిస్కు మీద పడిందని ఉదయ్ వాదన. డిస్కు మీద నూనె ఉన్న మాట నిజమే. వేలు పెడితే జారుతోంది.

"మా అమ్మ తల పగిలి ఉంటే జవాబెవరు చెప్తుండె?" అన్నాడు.

 భాను భయం భానుది. కొత్త సీలును గొట్టం మీదికి ఎక్కించేటప్పుడు గొట్టం అంచుకు పాల ప్యాకెట్ కవరు చుట్టడం అతని అలవాటు. చుట్టకపోతే లోహం గీసుకుని సీలు తెగుతుంది. ఆ రోజు చుట్టాడా? సరిగ్గా అప్పుడే ఊరి నుంచి ఫోన్ వచ్చింది. ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు.

రెండు గొట్టాలనూ గుడ్డతో తుడిచాడు. గుడ్డకు కాస్త ఎర్రగా అంటింది. తుప్పనుకున్నాడు. ముందు బ్రేకు పట్టి హ్యాండిల్‌ను పదిసార్లు కిందికి నొక్కాడు. తెగిన సీలైతే గొట్టం చుట్టూ ఉంగరంలా నూనె గీత మిగులుతుంది. రెండువైపులా మెరుపు తప్ప ఏమీ లేదు.

ఉదయ్‌కు నమ్మకం కలగలేదు. మెల్లగా నొక్కుతున్నావంటూ హ్యాండిల్ లాక్కుని, ఒంటి బరువంతా వేసి ఊపాడు. పదిహేనో ఊపుకు డిస్కు వైపు గొట్టం మీద తడి మెరిసింది.

"చూసినవా జైపాలన్నా?"

జైపాల్ నిట్టూర్చాడు. "ఇగ నీ సామాన్లు సర్దుకో, భాను."

భాను కదల్లేదు. గొంతుక్కూర్చుని ఫోన్ లైటు వేశాడు. అది ఉంగరం కాదు, చార. సీలు దగ్గర పుట్టలేదు, పై నుంచి దిగుతోంది. లైటు పైకి జరిపాడు. హ్యాండిల్ కింది సందులో ఎర్రటి ముద్ద. వేలితో తీసి వాసన చూశాడు. ఫోర్కు నూనె కాదు, నువ్వుల నూనె.

"సేటు, సీల్ తెగితే కింద గుండ్రంగ గీత పడ్తది. ఇది మీదికెళ్లి కారుతున్నది. ఆంజనేయస్వామి సింధూరం. నూనెల కలిపింది. ఎండకు కరిగి డిస్కు దాక పోయింది."

ఉదయ్ నవ్వబోయి ఆగాడు. తన బండి మీద బొట్టు కనబడితే అక్కడికక్కడే తుడిచేసే మనిషి అతను. మెల్లగా తల్లి వైపు తిరిగాడు.

దమయంతి కట్టు సర్దుకుంది.

"ట్యాంకు మీద పెడితే తుడిచేస్తవ్ కద బిడ్డా. అందుకే మంగళారం లోపల పెట్టిన. జర ఎక్కువనే పెట్టిన."

 జైపాల్, ఏమీ జరగనట్టే, డిస్కు కడిగి బ్రేకు ప్యాడ్లు మార్చి పంపమన్నాడు. భాను పానా అందుకోలేదు.

"రేపు రమ్మంటవా, వద్దంటవా? ముందు అది చెప్పు సేటు. ఇందాక నలుగుట్లనే అన్నవ్."

జైపాల్ చుట్టూ చూశాడు. ఆ నలుగురూ ఇంకా అక్కడే ఉన్నారు.

"రా," అన్నాడు. వాళ్లకు సరిగ్గా వినబడలేదేమోనని మళ్లీ గట్టిగా చెప్పాడు. "రేపు రా, భాను."

అప్పుడు భాను పానా తీసుకున్నాడు.