ఎడమ కాలి కొలత

డ్యూటీ దిగి నేరుగా బూట్ల షాపుకొచ్చిన ఆమెకు బెంచీ మీద కూర్చోగానే ప్రాణం లేచొచ్చింది. మళ్లీ లేవాలంటేనే ఉసూరుమంది. ఫైర్ స్టేషన్‌లో ఉద్యోగం. ఏటా పెట్టే పరుగు పరీక్ష పోయిన నెల తప్పింది. వచ్చే వారం మళ్లీ పెడతారు. అదీ తప్పితే ఇక బండెక్కనివ్వరు, ఫోన్ దగ్గర కూర్చోబెడతారు. "హాయిగా కూర్చోవచ్చుగా" అనే మహానుభావులకు కొదవ లేదు. పొగలోంచి మనిషిని భుజాన వేసుకుని బయటికి తెచ్చినవాళ్లకి ఆ కుర్చీ ఎంత గుచ్చుకుంటుందో వాళ్లకేం తెలుసు! ఆమెకు మాత్రం దిగులుగా ఉంది. నాలుగడుగులు పరిగెత్తితే ఎడమ కాలు సలుపుతుంది. వయసు మీద పడిందని సరిపెట్టుకుంది.

షాపు అలమారలో వరసగా కుడి కాలి బూట్లే పెట్టారు. ఏ షాపులోనైనా అదే తీరు, ఆమెకూ అదే కావాలి. ఎడమ బొటనవేలి గోరు నల్లగా చచ్చిపోయింది. ఆ పాదం నలుగురిలో బయటపెట్టడం నామోషీ. కుడి కాలికి తొడిగి చూసుకుని, "సరిపోయింది, ఇచ్చెయ్యమ్మా" అనేయడం ఆమెకు ఎప్పటినుంచో అలవాటు.

ఈసారి తోడొచ్చిన భర్త దర్జీ. నోట్లో నాలుక లేని మనిషే కానీ, కొలత దగ్గర మొండిఘటం. మెడలో టేపు తియ్యడం మరిచిపోయి అలాగే వచ్చేశాడు.

"ఎడమది కూడా వేసి చూడు."

"రెండూ నా కాళ్లేగా! పదండి, ఆకలేస్తోంది."

"చొక్కా కుట్టేటప్పుడు రెండు చేతులూ కొలుస్తాను నేను. ఐదు వేళ్లే ఒక్కలా ఉండవు, పాదాలు ఉంటాయా?"

వాదించే ఓపిక లేక సాక్సు లాగేసింది. అతను నేల మీద చతికిలబడి రెండు పాదాలూ కొలిచాడు. నల్లబడ్డ గోరుకు తగలకుండా టేపు పట్టాడు. ఎడమది దాదాపు అరంగుళం పొడుగు.

"ఒక్కో కాలికి ఒక్కో సైజు ఇవ్వరా అమ్మా?"

పొద్దుటి నుంచి నిలబడి ఉన్న షాపు అమ్మాయి నీరసంగా నవ్వింది. "జత విడదీస్తే ఓనరు నా ఉద్యోగం ఊడదీస్తాడు బాబాయ్. పెద్ద కాలికి సరిపోయేవి తీసుకోండి. చిన్నదానికి లోపల ఇంకో సోలు వేసి, మందం సాక్సు తొడిగి, లేసు బిగించి కట్టండి."

అలాగే కట్టుకుని ఆమె షాపు గుమ్మం దాకా చిన్నగా పరిగెత్తి వచ్చింది. వేలు నొక్కుకోలేదు. బెంచీ మీద కూలబడి ఏడ్చేసింది.

"ఏమైంది? బిగువా?"

"కాదండీ. బానే ఉన్నాయి. ముసలిదాన్నయిపోయాననుకున్నాను." కళ్లు తుడుచుకుంది. "ఇప్పుడు ఓడిపోతే చెప్పుకోడానికి నొప్పి కూడా లేదు."

"లేకపోతే పీడా పోయింది. పరిగెత్తి ఓడిపో, ఫర్వాలేదు. ఇక కుంటుతూ మాత్రం ఓడిపోవద్దు."

కొత్త బూట్లు ఆమె విప్పలేదు. బయట బస్సు ఆగితే అతను ఎక్కబోయాడు. ఆమె చెయ్యి పట్టి ఆపింది.

"ఉండండి. నడిచే వెళదాం."