వరండాలో మిషన్

ఇబ్రహీంపట్నంలో ఇంద్రమ్మ గారి ఇల్లు తెలియనివారు తక్కువ. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక ఆ ఇంటి ముందు స్కూటీలు వరుసగా నిలబడితే, దారిన పోయేవాళ్లు చూసి ఆ ఇల్లాలి మనసు ఎంత పెద్దదో అని మెచ్చుకుని పోతారు. కృపారాణి అనే పేదింటి కోడలు బొంతలు కుట్టడం నేర్పుతానంటే, తన ఇంటినే బడిగా ఇచ్చిన మనిషి మరి. పాఠకులు కూడా మెచ్చుకోవచ్చు. కాకపోతే మెచ్చుకునే ముందు, ఆ ఇంట్లో ఎవరు ఎక్కడ కూర్చున్నారో ఒక్కసారి చూడాలని మనవి.

నేర్చుకునే ఆడవాళ్లు హాల్లో ఫ్యాను కింద చాపల మీద కూర్చుంటారు. నేర్పే మనిషి మాత్రం బయట వరండాలో కూర్చుంటుంది.

దీనికి కారణం మిషన్ అని అందరికీ తెలుసు. కృపారాణిది పాత ఇనుప కాలుమిషన్. ట్రాలీ ఆటోలో తెచ్చిన రోజు ఇద్దరు మగవాళ్లు ఆపసోపాలు పడి దించారు. అంత బరువు లోపలికి మోస్తే గడప దెబ్బతింటుందని, వరండాలోనే ఉండనిమ్మని ఇంద్రమ్మ అంది. మాట సబబుగానే ఉంది. కుట్టు వేయాల్సినప్పుడు ఆడవాళ్లు ఒక్కొక్కరే బయటికి వచ్చి నేర్చుకుని పోయేవారు.

ఈ మధ్య బొంతకు మళ్లీ గిరాకీ వచ్చింది. బొంగులూరు వెంచర్లలో కొత్త ఇళ్లు కట్టుకున్నవాళ్లు, మీర్‌పేట్ కాలనీల వాళ్లు, అమ్మల పాత చీరలు మూటగట్టుకుని వస్తున్నారు. కృపారాణికి ఆ పని ఉగ్గుపాలతో అబ్బింది. ఆమె తల్లి సుసన్న బతుకంతా దబ్బనంతో పెద్దిళ్లకు బొంతలు కుట్టింది. ఇంద్రమ్మ ఇంటికీ కుట్టింది. బొంత పూర్తయిన రోజు ఆ ఇళ్లవాళ్లు దాని మీద పసుపు నీళ్లు చల్లి లోపలికి తీసుకుపోయేవారట. సుసన్న ఆ మాటను వంట సంగతి చెప్పినంత మామూలుగా చెప్పేది.

ఆషాఢంలో ఒక మధ్యాహ్నం వాన పట్టుకుంది. వరండాలోకి జల్లు కొడుతోంది. కృపారాణి మిషన్ మీద టార్పాలిన్ కప్పి, తాను గోడకు ఆనుకుని నిలబడింది. ఆ రోజు పాఠం నడిమి పొర. బొంతకు ప్రాణమంతా అక్కడే ఉంటుంది. ముడత లేకుండా పరిచి, నాలుగు వైపులా ఒకేలా గుంజి, పెద్ద పెద్ద కుట్లతో నిలపాలి. నోటితో చెప్తే వచ్చే పని కాదు. పక్కన కూర్చుని, చేతులు పట్టుకుని చూపాలి.

మీర్‌పేట్ నుంచి కొత్తగా చేరిన మనోజ చనిపోయిన తల్లి చీరలు తెచ్చుకుంది. “టీచర్, జర లోపలికొచ్చి చూపెట్టరా?” అని పిలిచింది. కృపారాణి అడుగు వేయబోయింది. చాయ్ తెస్తున్న ఇంద్రమ్మ నవ్వుతూ, టీచర్ మిషన్ వదిలి ఎట్లా వస్తుంది, నువ్వే గడప దగ్గరికి తీసుకుపో అంది. మనోజ పొరలన్నీ చేతుల మీద మోసుకొచ్చింది. మోసుకొచ్చేసరికి అవి జారాయి. గడపకు అటువైపు ఒకరు, ఇటువైపు ఒకరు కూర్చుని సర్దుకున్నారు గానీ, ముడత ముడతగానే కుట్టులో పడిపోయింది. ఆ పిల్ల ముఖం చూసి కృపారాణికి తల కొట్టేసినట్టయింది.

తప్పంతా మిషన్‌దే అని ఆ సాయంత్రం ఆమె తేల్చేసింది. మిషన్ తేలికదైతే తాను లోపల ఉంటుంది. దీన్ని నమ్మకం అనడం కన్నా ఆశ అనాలి. వేరే కారణం ఉందని ఒప్పుకుంటే మనసు విరిగిపోతుందని, నేరాన్ని ఇనుము మీదికి నెట్టింది. కొత్త మిషన్ మాట ఎత్తగానే సుసన్నకు భయం పట్టుకుంది.

“ఉన్నకాడ ఉండు బిడ్డా. దొరసాని నీడ ఇచ్చింది. గంతే చాలు.”

కృపారాణి వినలేదు. ఆదిబట్లలో కంపెనీ బస్సు నడిపే భర్త వినోద్ కుమార్‌కు సెలవు దొరికిన రోజు, ఇద్దరూ బస్టాండు దగ్గరి మిషన్ల దుకాణానికి పోయారు. ఆమె సంచిలో పొరలు పొరలుగా కుట్టిన బొంత మూల ఒకటి ఉంది.

దుకాణం ఐలేష్ మొదట ఒక చిన్న ప్లాస్టిక్ మిషన్ చూపించాడు. పిల్లలు ఆడుకునే బొమ్మలా లేచింది. బొంత మూల పెట్టి నడిపితే మోటారు మూలిగి ఆగిపోయింది, సూది విరిగింది. తేలికవి జాకెట్లకు పనికొస్తాయి, బొంతకంటే ఇనుప మిషనే దిక్కు అన్నాడు ఐలేష్. ఇనుప మిషన్ తన దగ్గర ఉండనే ఉందని, ఉన్న తేలిక మిషన్లన్నీ దింపమని ఆమె పట్టుబట్టింది. ఒక్కోదాన్ని లేపి చూసింది, ఒక్కోదాని కింద మూల పెట్టి నడిపింది. చివరికి ఒకటి కుదిరింది. పైన ప్లాస్టిక్ డబ్బా, లోపల ఇనుప చట్రం. సూది పక్కన చుట్టిన బొంత పట్టేంత జాగా ఉంది. బట్టను అదిమే పాదం ఎత్తుగా లేస్తోంది. మందపాటి అతుకు మీద కూడా కుట్టు తడబడకుండా నడిచింది. కృపారాణి దాని పిడి పట్టుకుని రోడ్డు దాకా నడిచి వెనక్కి వచ్చింది.

స్టాండు కూడా తీసుకుందామన్నాడు వినోద్.

“వద్దు. పీట మీద పెట్టి కుడ్త. నేనొక్కదాన్నే లేపాలె, నేనొక్కదాన్నే తీస్కపోవాలె,” అంది.

మర్నాడు ఆమె ఎంత సంబరంగా వెళ్లిందో చెప్పలేం. చెప్పులు విడిచి, మిషన్ కుడిచేత్తో పట్టుకుని గడప ముందుకు వచ్చింది. లోపల మనోజ అప్పటికే పక్కకు జరిగి చోటు చేసింది. ఇంద్రమ్మ కోడలు అంకిత ప్లగ్గు ఎక్కడుందో చూపిస్తోంది. అప్పుడు ఇంద్రమ్మ లేచి గుమ్మంలో నిలబడింది.

“ఆగు కృపా. అక్కడనే పెట్టు.”

“బరువు లేదమ్మా. గడపకు తాకది.”

“బరువు సంగతి కాదు. లోపల దేవుని అర్ర ఉన్నది. మీ అమ్మ ఇన్నేండ్లు వచ్చింది. ఏనాడన్న గడప దాటిందా? పద్ధతి తెల్సిన మనిషి.”

ఆ మాటలో కోపం కూడా లేదు. చల్లగా, మంచిగానే అంది. అందుకే కృపారాణికి ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ పాపం ఆ ఇనుప మిషన్‌ను ఆడిపోసుకుంది. తాను వానకు తడిసింది, చలికి వణికింది, అన్నీ దాని ఖాతాలోనే వేసింది. గుమ్మం లోంచి చూస్తే దివాన్ మీద మడత పెట్టిన బొంత కనిపించింది. ఆ కుట్టు ఎవరి చేతిదో ఆమెకు దూరం నుంచే తెలుసు.

“అమ్మా, గా బొంత మా అమ్మ కుట్టింది. మీరు రోజూ గదే కప్పుకొని పంటరు. బొంత గడప దాటింది, దేవుని అర్ర పక్కకు చేరింది. కుట్టిన మనిషి మాత్రం బయటనే మిగిలింది. ఇన్నొద్దులు మిషన్ బరువన్నరు, నమ్మిన. ఇయ్యాల నా చేతిల బరువు లేదు. బరువంతా మీ గడపకే ఉన్నది.”

అంకిత “అత్తమ్మా” అని ఆగిపోయింది. కృపారాణి చెప్పులు తొడుక్కుంది, మిషన్ పట్టుకుని మెట్లు దిగింది. ఎవరినీ రమ్మనలేదు. వెనక చీరల మూట సర్దుకుంటున్న చప్పుడు వినిపించింది. మనోజ వచ్చింది, ఆమె వెంట ఇంకో ఇద్దరు వచ్చారు. మిగతావాళ్లు కత్తెరల వైపు చూస్తూ చాపల మీదే ఉండిపోయారు.

చర్చి పక్క రేకుల షెడ్డులో బడి మళ్లీ మొదలైంది. మొదట్లో మనుషులు తక్కువే. ఇంట్లో డబ్బు సర్దుబాటు కష్టమైంది కూడా. అయినా ఎవరింటికి రమ్మంటే వాళ్లింటికి మిషన్ పట్టుకుపోయి కృపారాణి వాళ్ల పక్కన కూర్చుని నేర్పింది. మనోజ బొంత కుట్టు విప్పి, ముడత తీసి, మళ్లీ కుట్టించింది. చేతికుట్టు చూపడానికి సుసన్న కూడా వచ్చి చాప మీద కూర్చోవడం మొదలుపెట్టింది. మొదట కొన్నాళ్లు ఆమె భయపడింది, తర్వాత ఆ భయం మాట ఎత్తడం మానేసింది.

ఒకనాడు అంకిత వచ్చింది. అత్తగారు పంపిన కబురు చెప్పడానికి చాలాసేపు తటపటాయించింది. జరిగింది మరిచిపొమ్మన్నారట. మళ్లీ అక్కడే బడి పెట్టుకొమ్మన్నారట. జల్లు పడకుండా వరండాకు రేకులు వేయిస్తారట, ఫ్యాను కూడా పెట్టిస్తారట. చెప్పి తల దించుకుంది. కానీ పోలేదు. చాప అంచున కూర్చుని, తన సంచిలోంచి పాత చీర తీసింది.

కృపారాణి జవాబు చెప్పేలోపే సుసన్న సూది ఆపింది. బతుకంతా దొరసాని అన్న నోటితో ఆ రోజు ఆ మాట అనలేదు.

“మీ అత్తకు చెప్పు బిడ్డా. ఫ్యాను వద్దు, రేకులు వద్దు. బొంత ఇంట్లకు కావాల్నంటే, కుట్టినోళ్లను గూడ ఇంట్లకు పిలువాలె.”