నలుపు పూసిన లకోటా

శరదాగమమున మేఘావరణ విముక్తమైన నిర్మలాకాశమును తన జలములందు ప్రతిఫలింపజేయుచు మందమందముగా ప్రవహించు తమ్మిలేటి చెంత ఏలూరుపురమున కుంతలవిలాస తైలశాల యను కేశతైల వర్తకశాల కలదు. ప్రాతఃకాల సూర్యకిరణములు గవాక్షముల జొరబడి అందలి చిత్రశాలలోని రంగుగిన్నెలపై నర్తించుచుండ ఇరువది సంవత్సరములుగా ఆ చిత్రశాల నేలిన పేరిచర్ల సర్వేశము మాత్రము అసూయానల దందహ్యమాన మానసుడై మొగము ముడుచుకొని కూర్చుండెను.

కారణ మేమనగా తైలశాలవారు ఇంటింటికి టపాలో పంపు ప్రకటనల లకోటాలను ఇంతకాలము సర్వేశమే మయూర లతా పద్మ విరాజితములుగా చిత్రించుచుండెను. తన లకోటాను ఒక్కరైనను గుండెకు హత్తుకొని లోనికి కొనిపోవలెనని అతని చిరకాల వాంఛ. అవి చూడ ముచ్చటగా నుండెను గాని విప్పినవా రరుదు. అంతట యజమానుడగు సుబ్బరామశ్రేష్ఠి బందరునుండి భుజంగరావను చిత్రకారుని రప్పించి ఇరువురి లకోటాలను చెరి యైదువందల యిండ్లకు పంపెదననియు ఎవ్వనివి విప్పి ఎక్కువమంది తైలమునకు వ్రాయుదురో వాడే ఇకమీదట చిత్రశాలాధిపతి యనియు శాసించెను.

భుజంగరావు బొమ్మ యొక్కటియు వేయలేదు. సాదా లకోటాపై ముత్యాలవంటి దస్తూరితో చిరునామా వ్రాసి నాలుగుమూలల పసుపు పూసెను. అంతియే! పెండ్లి శుభలేఖ యనుకొని విప్పని గృహిణి ఆంధ్రదేశమున గలదా? ఇంతటి సులువైన యుపాయము తనకు తోచనందులకు సర్వేశము కడుపు భగ్గుమనెను. దాచనేల, చిటికెడు పసుపు ఇరువదియేండ్ల కుంచెను గెలువబోవుట చూచి ఓర్చుకొనుట ఎవనికైనను కష్టమే.

భుజంగరావు మధ్యాహ్నభోజనమునకు పోయినతోడనే సర్వేశము తలుపు మూసి, చావుకబురు జాబుల మూలలకు నలుపు పూయు ఆచారమును తలచి, ఆ పసుపుమూలల నన్నిటిని నల్లసిరాతో పులిమెను. చిరునామాలవైపు కన్నెత్తియు చూడలేదు. ఆ మూటను తానే మోసికొనిపోయి టపాలో వేసి వచ్చి ఆనాడు కడుపునిండ భుజించెను.

నాలుగవ దినమున చిత్రశాల వాకిట ఏడ్పు వినబడెను. అనపర్తిలో ఒంటరిగా కాలము పుచ్చు అతని అక్క వరహాలమ్మ రైలు దిగి తిన్నగా వచ్చి తమ్ముని చూచి గడపపై కూలబడెను. చిరునామాల పట్టికలో ఆమె పేరును పూర్వము చేర్చినవాడు సర్వేశమే.

"బతికే ఉన్నావురా తమ్ముడూ!"

"ఏమయిందక్కయ్యా?"

"ఏలూరు నుంచి నల్లమూలల కవరొచ్చిందిరా. ఈ ఊళ్ళో నువ్వు తప్ప నాకెవరున్నారు? విప్పటానికి చేతులు రాలేదు. దారిపొడుగునా గుండెకి అదుముకునే వచ్చాను."

భుజంగరావు ఆ లకోటాను చూచి నిర్ఘాంతపోయి "నేను పూసింది పసుపండీ" అనెను.

"నలుపు నాదేనయ్యా. నీ మీద కుళ్ళుతో పులిమాను" అని సర్వేశము తన కుంచెలపెట్టెను భుజంగరావు ముందుంచి అక్క పాదములచెంత కూర్చుండెను.

ఆమె యొడిలోని లకోటా కన్నీట తడిసి నలిగి ఇంకను విప్పబడక యుండెను. సర్వేశము దానిని విప్పగా లోన తైలపు ప్రకటన తప్ప మరేమియు లేదు. తన చేయి సోకిన లకోటాను ఒకరు గుండెకు హత్తుకొనవలెనని ఇరువది యేండ్లు వాంఛించిన వానికి ఆ వాంఛ ఆనాడు తీరెను.