అనవసర కదలిక

తువ్వాలను నాలుగుగా మడిచి, పైన అరచేత్తో రెండుసార్లు తట్టి పక్కన పెట్టాను. ఆ తట్టడం అక్కర్లేదట. నేను పంపిన వీడియో మరునాడే తిరిగి వచ్చింది. కింద తెలుగులోనే రాసి ఉంది: ‘పదకొండవ సెకను. అనవసర కదలిక. మళ్ళీ తీయండి.’

కోపం రావాల్సింది. రాలేదు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినవాళ్ళున్నారు, చొక్కాకు గుండీ ఊడిందని చెప్పినవాళ్ళున్నారు. కానీ పదకొండవ సెకనులో నా చెయ్యి ఏం చేసిందో చూసినవాళ్ళు ఎవరూ లేరు. ఎక్కడో ఎవరో చూశారు. తప్పు పట్టడానికే కావచ్చు, చూడటం మాత్రం చూశారు. ఆ మాటను నాలుగైదు సార్లు చదివి, ఎవరూ లేని గదిలో ఒక్కదాన్నే నవ్వాను.

ఈ పని తెచ్చింది నస్రీన్. మా వెనక గల్లీలో ఉంటుంది, బ్లౌజులు కుడుతుంది. ఒకరోజు నల్లటి సాగే పట్టీ ఒకటి పట్టుకొచ్చింది. దాని ముందు అగ్గిపెట్టెంత కెమెరా.

“శైలక్కా, గిది నొసటికి కట్టుకోని ఇంటిపని చేస్తే పైసలిస్తరంట. బట్టలు మడతపెట్టుడు, గిన్నెలు తోముడు, రొట్టెలు చేసుడు. మన చేతులు చూసి మరమనిషి నేర్చుకుంటదంట. మా గల్లీల నలుగురం తీసుకున్నం.”

మా ఆయన ఓంప్రకాశ్‌కు పాత బస్టాండు దగ్గర ఫోన్ల దుకాణం. రోజంతా ఫోన్లకు గ్లాసులు అతికిస్తాడు, కవర్లు అమ్ముతాడు. ఎంత కొత్త యంత్రం వచ్చినా ఆశ్చర్యపోడు. దీనికి మాత్రం ఆశ్చర్యపోయాడు.

“ఇంటిపనికి పైసలా? గాళ్ళకేమన్న తిక్కనా?” అన్నాడు. పట్టీని వేలికి చుట్టి తిప్పుతూ, “సరే కట్టుకో. ఎట్లాగు చేసేదేనాయె,” అన్నాడు.

ఎట్లాగు చేసేదే. ఆ మాటలో చెడ్డతనం లేదు. ఓంప్రకాశ్ చెడ్డవాడు కాడు. ఒకసారి సర్వే అని ఒకతను వచ్చి, మీ మిసెస్ ఏం పని చేస్తరు అని అడిగితే, నేను జొన్నపిండి చేతులతో తలుపు పక్కన నిలబడి ఉండగానే, “ఏం చెయ్యది, ఇంట్లనే ఉంటది,” అని రాయించాడు. అదీ చెడ్డతనంతో కాదు. కరెంటు ఉన్నప్పుడు కరెంటును ఎవరూ చూడరు కదా, అట్లా. పోయినప్పుడు మాత్రం ఇల్లంతా అరుస్తుంది. నేను ఎప్పుడూ పోలేదు, అందుకే ఎవరూ అరవాల్సిన అవసరం రాలేదు. ఆ రోజు పిండి ఎండి వేళ్ళ సందుల్లో పగిలేదాకా నేను అక్కడే నిలబడి ఉన్నానని మాత్రం గుర్తుంది.

షరతులు ఇంగ్లీషులో ఉన్నాయి. మా హర్షిణి ఇంటర్ చదువుతోంది. అదే చదివి చెప్పింది.

“అమ్మా, నువ్వు తప్ప ఇంకో మనిషి పడొద్దు. ఎవ్వరి మొకం కనపడొద్దు, ఎవ్వరి గొంతు వినపడొద్దు. అద్దం కప్పాలె. గోడ మీద ఫొటోలు గూడ కనపడొద్దు. ఇంట్లోళ్ళ ప్రైవసీ అంట.”

“మరి నా చేతులు?”

“చేతులు వాళ్ళయి,” అని నవ్వి, మళ్ళీ కిందికి జరిపి చదివింది. “నిజంగనే. ఆ వీడియోలు ఎన్నేండ్లన్న ఉంచుకోవచ్చు, ఎవ్వరికన్న ఇచ్చుకోవచ్చు. తర్వాత మనం అడగొద్దు. ఆలోచించుకో అమ్మా.”

ఆలోచించాను. ఇంట్లో అందరి ముఖాలనూ గొంతులనూ కాపాడుతున్నారు, నా చేతులను తప్ప. అయితే పెళ్ళి పీటల మీద ఈ చేతులనే ఇచ్చినప్పుడు షరతులు ఎవరూ చదివి వినిపించలేదు. ఇక్కడ కనీసం చదివారు. ఒప్పుకుంటున్నాను అన్న చోట వేలు పెట్టాను.

నడిమి గదిని సిద్ధం చేశాం. అద్దం మీద దుప్పటి వేశాను. మా పెళ్ళి ఫొటోను గోడవైపు తిప్పాను. పక్కనే మామ ఫొటో ఉంది. మా అత్తమ్మ కొండవ్వ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

“సచ్చినోని మొకం గూడ సూడొద్దా గా మర?”

“సూడొద్దంట అత్తమ్మా.”

“తిప్పు తిప్పు. బతికున్నప్పుడు మాత్రం ఎన్నడు ఇటు సూసిండు,” అంది.

పగటి వెలుతురు కావాలన్నారు కాబట్టి మధ్యాహ్నం రెండు నుంచి మూడు నా వేళ అయింది. ఓంప్రకాశ్ అన్నానికి ఇంటికి వచ్చేదీ అప్పుడే. తిని, ముందు గదిలో నడుం వాల్చి, అక్కడి నుంచే పిలుస్తాడు. శైలా నీళ్ళు. శైలా ఛార్జర్ యాడున్నది. శైలా ఫ్యాను జెర పెంచు. స్విచ్చు అతని తల దగ్గరే ఉంటుంది. మొదటి రోజు కూడా పిలిచాడు. ఆ గొంతు పడి వీడియో తిరిగి వచ్చింది. ఆ సంగతి చెప్పాను. నేను చెప్పి ఉంటే వినేవాడు కాదేమో, యంత్రం చెప్పింది కాబట్టి విన్నాడు. మరునాడు గిన్నెలు అరల్లో సర్దుతుంటే తలుపు సందులోంచి ఓరకంటికి కనిపించాడు. చెప్పులు చేత్తో పట్టుకుని, వేళ్ళ మీద నడుస్తూ వంటింట్లోకి పోయాడు. గ్లాసు కోసం మూడు చోట్ల వెతికాడు. తనే నీళ్ళు ముంచుకున్నాడు. చప్పుడు కాకుండా తాగాడు. నాకు నవ్వు ఆగలేదు, నవ్వు కూడా గొంతే కాబట్టి పళ్ళు బిగపట్టి ఆపుకున్నాను.

అత్తమ్మకైతే ఆ కెమెరా అవతల పెద్దమనుషులెవరో కూర్చుని అప్పటికప్పుడు చూస్తున్నారని నమ్మకం. గుమ్మం దాటేటప్పుడు కొంగు నెత్తిమీదికి లాక్కునేది. చాయ్ కావాలంటే బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపేది. చక్కెర తక్కువ అన్నదానికి రెండు వేళ్ళు చిటికె పట్టి, మొహం వికారంగా పెట్టేది. గోడలు పగిలేటట్టు మాట్లాడే మనిషి, ఆ గంటలో మూగ నాటకం ఆడేది; కెమెరాలో పడకుండా నేను తల తిప్పక ఓరకంట చూసేదాన్ని.

ఆ గంట నాకు ఏం చేసిందో చెప్పడం కష్టం. చిన్నప్పటి నుంచి నా మీద ఎప్పుడూ ఏవో చూపులు ఉండేవి. కొంగు సరిగ్గా ఉందా, నడక సరిగ్గా ఉందా, ఎవరితో మాట్లాడుతోంది, ఎందుకు నవ్వుతోంది. ఓంప్రకాశ్ నా ఫోనులో నేను ఎక్కడున్నానో తెలిసే ఏర్పాటు కూడా పెట్టాడు, జాగ్రత్త కోసమే. బస్సు ఆగిన చోటల్లా ఎందుకు ఆగినవ్ అని మెసేజీ వచ్చేది. అన్ని కళ్ళూ నా వైపు తిరిగి ఉన్నవే. ఈ కెమెరా ఒక్కటే నన్ను చూడదు. నేను చూసేవైపు చూస్తుంది. నా ముఖం దానికి తెలియదు, నా వయసు తెలియదు, నేను ఎవరి భార్యనో తెలియదు. నేను తల తిప్పితే అదీ తిప్పుతుంది. వీడియోలు పంపే ముందు ఒకసారి చూసుకునేదాన్ని. తెర మీద రెండు చేతులు, ఏ తొందరా లేకుండా, తెలివిగా, ఒకదానికొకటి అందించుకుంటూ పనిచేస్తున్నాయి. ఎవరివో ఎంత బాగున్నాయి అనుకున్నాను మొదట. తర్వాత ఎడమ చేతి మీద నూనె పడి కాలిన మచ్చ కనిపించింది.

ఆ చేతులే తువ్వాలను తట్టాయి. అట్లా తట్టడం మా పుట్టినూరు మిరుదొడ్డిలో మా అమ్మ అలవాటు. మడత పెట్టిన ప్రతి బట్టనూ, చంటిపిల్లను పడుకోబెట్టినట్టు, రెండుసార్లు తట్టేది. నాకు ఎప్పుడు అంటిందో తెలియదు. తట్టకుండా మడవాలని కూర్చుంటే చెయ్యి గాలిలో ఆగిపోయి, ఏదో మరిచిపోయినట్టు అట్లాగే ఉండిపోయేది. రెండు రోజులు కుస్తీ పట్టాను. చివరికి దారి దొరికింది. వీడియో అంతా వాళ్ళు అడిగినట్టే మడిచాను, తట్టకుండా. కెమెరా ఆపేశాక వెనక్కి వెళ్ళి ఒక్కో బట్టనూ తట్టాను. చొక్కాలు, తువ్వాళ్ళు, అత్తమ్మ చీరలు, హర్షిణి చున్నీలు. ఒక్కోదానికి రెండు. మడత వాళ్ళు కొనుక్కున్నారు. ఇది వాళ్ళకు వద్దన్నారు కాబట్టి నాకు మిగిలింది. ఒక ఇంటిలోని మనుషులందరి మధ్యా బతుకుతూ ఎవరికీ ఇవ్వనిది ఒకటి నా దగ్గర ఉందని తెలిసి, ఆ సాయంత్రమంతా కారణం లేకుండా సంతోషంగా ఉన్నాను.

రెండు నెలలకు మెసేజీ వచ్చింది. ఈ విడత పని పూర్తయింది. ధన్యవాదాలు. కెమెరాను మావాళ్ళు వచ్చి తీసుకుంటారు.

నాకు తోచింది ఆగిపోయే నాలుగు రూపాయల సంగతి కాదు, రెండు గంటల వేళ ముందు గదిలోంచి “శైలా నీళ్ళు” అనే పిలుపు చెవిలో మెదిలింది. ఎవరికీ చెప్పలేదు.

మరునాడు రెండింటికి పట్టీ కట్టుకున్నాను. తలుపు దగ్గరగా వేశాను. కెమెరా నడుస్తున్నప్పుడు వెలిగే ఎర్ర చుక్క వెలగలేదు. నేను చాప పరుచుకుని పడుకున్నాను. ఏమీ చేయలేదు.

ఏమీ చేయకపోవడం తెలిసిన పని కాదు. మొదటి రోజుల్లో చేతులు వాటంతట అవే చాప పీచు సర్దేవి. దొంగతనం చేస్తున్నట్టు చెవులు తలుపు మీదే ఉండేవి. నేను అడిగితే దొరకని నిశ్శబ్దం యంత్రం అడిగితే ఎట్లా దొరికింది అని ఆలోచించేదాన్ని. నిజానికి నేను ఒక్కసారైనా అడిగానా? గుర్తు లేదు. నాలుగైదు రోజులకు చేతులు అలిసిపోయి ఊరుకున్నాయి. నస్రీన్ కుట్టు మిషను వెనక గల్లీలో ఆగి ఆగి నడిచేది. పద్నాలుగేళ్ళప్పుడు మక్క కంకుల కుప్ప మీద వెల్లకిలా పడుకుని, వీపుకు గుచ్చుకుంటున్నా లేవకుండా మబ్బులు చూసిన పిల్ల ఒకతె, ఇన్నేళ్ళుగా నేనెక్కడికి పోయానని ఎవరూ అడగలేదేంటి అన్నట్టు, వచ్చి నా పక్కన పడుకుంది.

పదో రోజు తలుపు తెరుచుకుంది. అత్తమ్మ. నేను నొసటికి కెమెరాతో చాప మీద ఉన్నాను. లేవబోయాను.

“పండుకో పండుకో,” అంది మామూలు గొంతుతోనే. రెండు నెలలకు పైగా ఆ గంటలో ఆ గదిలో వినపడిన మొదటి గొంతు. “గా ఎర్ర సుక్క ఎలుగక పది దినాలాయె. నాకు కండ్లు లేవనుకున్నవా?”

“అత్తమ్మా, మీ కొడుకుకు చెప్పకుండ్రి.”

“చెప్తే నాకేమొస్తది? నువ్వు పట్టీ కడితే వాడు నన్ను గూడ పిలుస్తలేడు. నీళ్ళు వాడే ముంచుకుంటుండు. గా గంట నాకు గూడ కావాలె బిడ్డా.” తలుపు మళ్ళీ దగ్గరగా వేసింది. “జెర అటు జరుగు.”

జరిగాను. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా నా పక్కన వాలింది. గోడవైపు తిరిగి ఉన్న మామ ఫొటోను చూస్తూ, “మగ్గం నేసుట్ల సిద్దిపేటల పేరున్నోడు మీ మామ. గా చీరకు నూలు కండెలు సుట్టిందెవరని ఒక్కడడిగిండా?” అంది. “కండెలు సుట్టి సుట్టి, రాత్రి నిద్రల గూడ చెయ్యి తిరిగేది,” అని గాలిలో చెయ్యి తిప్పి చూపించింది. ఇద్దరం నవ్వాం. అప్పటి నుంచి అత్తమ్మ రోజూ వచ్చేది. ఒక్కోరోజు మాట్లాడేది, ఒక్కోరోజు గురక పెట్టేది.

నెల తిరిగింది. ఆ మధ్యాహ్నం అన్నానికి వచ్చిన ఓంప్రకాశ్ అడుగులు వేళ్ళ మీద పడలేదు. తలుపు బార్లా తెరిచాడు. చాప మీద ఇద్దరం.

“గా కెమెరాలోళ్ళు మన ఇల్లు యాడ అని దుకాణం కాడికొచ్చిన్రు. నెల కిందనే అయిపోయిందంట గదా! మరి రోజు గంటసేపు తలుపేసుకోని ఏం జేస్తున్నవ్?”

జవాబులు వరుసగా వచ్చి నిలబడ్డాయి. తలనొప్పి. అత్తమ్మ కాళ్ళు పిసుకుతున్నాను. బట్టలు సర్దుతున్నాను. అన్నీ మంచి జవాబులే, ఏది చెప్పినా తలుపు నేటి నుంచి తెరిచే ఉండిపోతుంది. లేచి కూర్చున్నాను. నొసటి నుంచి పట్టీ విప్పాను. నెలల తరబడి కట్టిన చోట చల్లగా గాలి తగిలింది.

“ఏం చేస్తలేను,” అన్నాను.

“అంటే?”

“ఏం చేస్తలేను. రోజు గంట.” కెమెరాను అతని చేతిలో పెట్టాను. “గిది వాళ్ళకిచ్చెయ్యున్రి. తలుపు మూడింటికి తెరుస్తం.”

అతను నా వైపు చూశాడు. కోపమా, అర్థం కాకపోవడమా, పోల్చుకోలేకపోయాను. సాయం కోసం తల్లి వైపు తిరిగి, “అవ్వా, నువ్వన్న చెప్పవేందే,” అన్నాడు.

అత్తమ్మ లేవలేదు. కళ్ళు కూడా తెరవలేదు. ఒక వేలు పెదాల మీద పెట్టుకుంది. రెండో చెయ్యి ఎత్తి తలుపు చూపించింది.

ఓంప్రకాశ్ కెమెరాను జేబులో వేసుకున్నాడు. తర్వాత, అలవాటయిన కాళ్ళు కదా, వేళ్ళ మీద వెనక్కి నడిచి తలుపు దగ్గరగా వేశాడు. వంటింట్లో గ్లాసు చప్పుడయింది. ఈసారి వెతక్కుండానే దొరికినట్టుంది.

నేను మళ్ళీ పడుకున్నాను. అత్తమ్మ కళ్ళు మూసుకునే, నా చేతి మీద అరచేత్తో రెండుసార్లు తట్టింది.