ఫిర్యాదు లేని వీధి

మా అక్క కౌన్సిలరయ్యాక నాకు ఒక్క చొక్కా కూడా ప్రశాంతంగా కుట్టే యోగం లేకుండా పోయింది. మా ఇంటి ముందుగది నా కుట్టు దుకాణం. అక్క వేరే ఆఫీసు పెట్టుకోలేదు. కొలతలివ్వడానికి వచ్చేవాళ్ల కోసం నేను వేయించిన బల్లే ఆవిడ ఆఫీసు. పోనీ ఆ బల్ల మీదైనా కుదురుగా కూర్చుంటుందా అంటే అదీ లేదు. కాలుగాలిన పిల్లిలా గదిలోంచి వీధిలోకి, వీధిలోంచి గదిలోకి తిరుగుతూనే ఉంటుంది. తిరిగినప్పుడల్లా నా దారపు రీలు ఒకటి కింద పడుతుంది. "కాసేపు కూర్చో తల్లీ" అంటే, "కూర్చుంటే ఎవరో ఒకరు పిలుస్తారు, ఎలాగూ లేవాలిగా" అంటుంది. బావ ఆవిడతో మాట్లాడాలంటే ముందు నాకు ఫోన్ చేసి, అక్క ఎక్కడుందో కనుక్కుంటాడు.

మాది పల్లపు వీధి. ఎగువ వీధుల్లో పడ్డ వానంతా మా దగ్గరికే వస్తుంది. దాన్ని మోయాల్సిన కాలవేమో తాతల నాటిది, మూర వెడల్పు కూడా లేదు. వాన పట్టిందంటే చాలు, అక్క కొంగు బిగించి గడ తీసుకుని బయల్దేరేది. వెనకాలే డ్రైవర్ బాబాయి. ఆయన మాకు చుట్టమేమీ కాదు, సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. వీధి చివర, అన్నిటికంటే పల్లంలో ఉన్న ఇల్లు ఆయనది. మోకాళ్ల నొప్పులతో మంచం దిగలేని పిన్ని, ఆయన, ఇద్దరే ఉంటారు. వీళ్ల వెంట మరో నలుగురు చేరి కాలవ మీది పలకలు లేపి, పూడిక పైకి తోడి పోసేవారు. ఏళ్ల తరబడి ఇదే వరస. ఎన్నికలొచ్చినప్పుడు వీధి వీధంతా అక్కను ముందుకు తోసింది. "పార పట్టిన చెయ్యి, సంతకం పెట్టలేదా ఏంటి" అన్నారు. గెలిచింది.

కౌన్సిల్ మొదటి సమావేశానికి నేనూ వెళ్లి, చూడ్డానికి వచ్చినవాళ్లు కూర్చునే చోట కూర్చున్నాను. ఎన్నికయ్యేముందు ఎవరెవరు ఏమేం సేవ చేశారో చెప్పుకోమన్నారు. ఒకాయన రక్తదాన శిబిరాలు నడిపినవాడట. ఇప్పటికీ ఎవరు కరచాలనం చేసినా మోచేతి దగ్గర నరం వైపే చూస్తాడు. ఒకావిడ పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పేదట. అధ్యక్షుడు మాట్లాడుతుంటే కూడా, ఇంకాస్త గట్టిగా అన్నట్టు చప్పట్లు కొట్టింది. మరొకాయన దిక్కులేని శవాలకు దహనాలు చేయించినవాడు. అంతటి మెత్తటి మనిషి ఆ హాల్లో ఇంకొకరు లేరు, అయినా పక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. ఎగువ వార్డు నుంచి గెలిచిన మాస్టారు మాత్రం, "నేను మా వాళ్లకి అడగడం నేర్పాను" అని ఒక్క మాట అన్నారు. అక్క వంతు వచ్చింది. లేచి, "వానొస్తే మేం కాలవ తీస్తామండీ" అని కూర్చుంది. అందరూ నవ్వారు. నాకు మండింది కానీ, ఆవిడ కూడా నవ్వుతుంటే ఏం చేయను?

ఆ మాస్టారి మాట ఎంత బరువైనదో ఈ ఏడాది వానాకాలానికి ముందు తెలిసింది. ఊళ్లో ఒక్క వీధికి కొత్త కాలవ కడతామన్నారు. మా వీధికి రావడం ఖాయమనే అనుకున్నాం. తీరా సమావేశంలో ఇంజినీరు లేచి, ఎక్కడి నుంచి ఎక్కువ ఫిర్యాదులొస్తే అక్కడ కట్టడం నిబంధన అన్నాడు. ఎగువ వార్డు నుంచి కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. మా వీధి నుంచి, ఆయనకు తెలిసినంతలో, ఒక్కటీ లేదు.

"మీ వీధి చాలా బాగుంది మేడమ్. అసలు సమస్యే లేదు" అన్నాడు మెచ్చుకోలుగా.

బయటికొచ్చాక మాస్టారు దగ్గరికొచ్చి, "అడగందే అమ్మైనా పెట్టదమ్మా. నువ్వేమో వాళ్లని అడిగే పని లేకుండా చేశావు" అన్నారు. ఎత్తిపొడుపు కాదు, నిజంగా బాధపడే అన్నారు. అక్క వెనక్కి తిరిగి ఇంజినీరు వెంటపడి ఒక మాట రాబట్టింది. ఈసారి గట్టి వాన పడ్డప్పుడు ఆయనే వచ్చి చూస్తాడు. నీళ్లు నిలిచి ఉండాలి, వీధిలో ఉండే మనిషెవరైనా ఒక్కరు ఫిర్యాదు చెయ్యాలి. కౌన్సిలరు చేసింది లెక్కలోకి రాదు.

ఒక్క ఫిర్యాదు! అదెంత పని అనుకుంది అక్క. గడప గడపకీ వెళ్లి, "ఈసారి నీళ్లొస్తే నాకు కాదు, మున్సిపల్ ఆఫీసుకి ఫోన్ చెయ్యండి" అని చెప్పింది. అందరూ బుద్ధిగా తలలూపారు. మర్నాడు చినుకు పడింది. అందరూ అక్కకే ఫోన్ చేశారు.

"ఆఫీసుకి చెయ్యమన్నానుగా అత్తా" అని అక్క మొత్తుకుంది.

"చేశానే అమ్మా. ఎవరో పరాయివాళ్లు ఎత్తారు, పెట్టేశా" అంది అవతల్నుంచి పక్కింటి అత్త.

ఆ సాయంత్రం అక్క నా మిషను పక్కనే నిలబడి కత్తెర తెరుస్తూ మూస్తూ చాలాసేపు ఆలోచించింది. చివరికి తేల్చింది. ఈసారి వానొస్తే తను బయటికి రాదు. గడలూ పారలూ మా పెరట్లో పెట్టి తాళం వేస్తుంది. నీళ్లు నిలుస్తాయి, జనానికి ఒళ్లు మండుతుంది, అప్పుడు ఆఫీసుకి చేస్తారు.

"వాళ్లకి చెప్పవా మరి?" అన్నాను.

"చెప్తే నాకోసం నాటకమాడతారు. వాళ్లకి ఆడ్డం రాదు. ఇంజినీరు ఇట్టే పట్టేస్తాడు."

"బాబాయి ఇంట్లోకి నీళ్లొస్తాయే."

"తెలుసు" అంది. కత్తెర కింద పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

వాన ఒక పొద్దున్నే దిగింది. దిగడమే కుండపోతగా దిగింది. అక్క బల్ల మీద కూర్చుంది. నిజంగానే కూర్చుంది. కాని ఆ కూర్చోవడం చూడలేకపోయాను. అరికాళ్లు నేలకేసి రాస్తుంది, గుమ్మం వైపు చూస్తుంది, మళ్లీ గోడ వైపు తిరుగుతుంది. చేతికి ఏదో ఒక పని ఉంటే కుదురుకుంటుందని ఒక ప్యాంటు ఇచ్చి అంచు మడిచి కుట్టమన్నాను. కాసేపటికి చూస్తే ముందూ వెనకా కలిపి కుట్టేసి కాలు దూరే దారి లేకుండా చేసింది.

"ఇది ఎవరికి? పాముకా?" అన్నాను.

నవ్వలేదు. "ఫోన్లు రావట్లేదేంటే?" అంది.

అవును, రావడం లేదు. ఇలాంటి వానకి ఈపాటికి ఆవిడ ఫోన్ మోగి మోగి వేడెక్కాలి. ఒక్కటీ లేదు.

"నువ్వు చెప్పినట్టే ఆఫీసుకి చేస్తున్నారేమో" అన్నాను.

"చేస్తున్నారంటావా?" అంది ఆశగా. మరుక్షణమే, "లేక నా మీద కోపమొచ్చి మానేశారా? నీళ్లు బాబాయి గడప దాటుంటాయి ఈపాటికి. పిన్ని మంచం మీద ఒక్కతే..." అని లేచింది. గుమ్మం దాకా వెళ్లింది. నేను అడ్డం నిలబడ్డాను. వాళ్ల మీద జాలి లేక కాదు. ఈ ఒక్క పూట ఆగితే మళ్లీ ఏ వానకీ వెళ్లనక్కర్లేదని నాకు అనిపించింది. పైగా ఇన్నేళ్లుగా తడిసి ముద్దై తిరిగొచ్చిన ఆవిడ బట్టలుతికింది నేను. ఆ కోపం కూడా ఉంది. అక్క మళ్లీ బల్ల మీద కూలబడి, ఇంజినీరుకి ఫోన్ చేసింది. ఆయన బయల్దేరానన్నాడు.

జీపు మా గుమ్మం ముందు ఆగింది. ముగ్గురం గొడుగులేసుకుని వీధి పల్లంలోకి నడిచాం. అక్క మాకంటే నాలుగడుగులు ముందే ఉంది.

వీధిలో నీళ్లు లేవు. పలకలన్నీ లేపి ఉన్నాయి. కాలవ గలగలా పారుతోంది. పక్కన పూడిక కుప్పలు కుప్పలుగా పోసి ఉంది. డ్రైవర్ బాబాయి, తడిసిన బనీనుతో, చీపురు కర్రకి ఇనప గరిటె కట్టి కాలవలో కెలుకుతున్నాడు. వీధి సగం అక్కడే ఉంది. చేటలు, తట్టలు, వంటింటి గిన్నెలు, ఎవరికి దొరికింది వాళ్లు పట్టుకొచ్చారు.

"నువ్వెందుకొచ్చావమ్మా వానలో?" అన్నాడు బాబాయి అక్కను చూసి. "పొద్దున్నుంచీ బయటికి రాకపోతే జ్వరమేమో అనుకున్నాం. వానకి నువ్వు రాకపోవడం ఎప్పుడైనా ఉందా? పడుకోనివ్వండి, ఒక్కరు కూడా ఫోన్ చెయ్యొద్దు అని అందరికీ నేనే చెప్పా. చూడు, నువ్వు లేకపోయినా ఎంత బాగా తీశామో."

ఆయన మొహం వెలిగిపోతోంది. అక్క మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

ఇంజినీరు ఫోన్ తీసి కాలవని ఫోటో తీసుకున్నాడు. "ఆదర్శ వీధి మేడమ్. మిగతా వార్డుల వాళ్లకి చూపించాలి" అన్నాడు. జీపు వైపు తిరిగాడు.

అక్క గొడుగు నా చేతిలో పెట్టింది. పక్కింటి అత్త చేతిలోంచి పెద్ద గిన్నె లాక్కుని, కుప్ప మీదికి వంగి, గిన్నెడు బురద ఎత్తి కాలవలో పోసింది. మళ్లీ వంగింది. మళ్లీ పోసింది.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. నేను కూడా ఒక్కక్షణం మతి పోయిందనే అనుకున్నాను. బాబాయి చేతిలో కర్ర అలాగే ఆగిపోయింది.

"అమ్మా, ఏంటది? పొద్దున్నుంచీ తీశామే!"

అక్క ఆగలేదు. గిన్నె పారేసి రెండు చేతులతో తోసింది, కాలితో తోసింది. ఎగువ నుంచి వచ్చే నీరు ఎక్కడ ఆగుతుంది? చూస్తూ చూస్తుండగానే కాలవ పొంగింది. వీధి నిండింది. ఇంజినీరు బూట్లు మునిగాయి. ఎర్రటి నీళ్లు వీధి చివరికి పాకి, బాబాయి గడప ఎక్కి, లోపలికి వెళ్లాయి. లోపల్నుంచి పిన్ని కేక వినబడింది.

"చూశారా?" అంది అక్క. రొప్పుతోంది. "వీళ్లు చేతులు పెట్టకపోతే మా వీధి ఇది. ఇదండీ నిజం. బాగుండేది వీధి కాదు, వీళ్లు."

ఇంజినీరు చెడ్డవాడు కాదు. మెల్లిగా, "చూశాను మేడమ్. కాని నేను రాసుకోవాలంటే వీధిలో ఎవరో ఒకరు ఫిర్యాదు చెప్పాలి" అన్నాడు.

అక్క జనం వైపు తిరిగింది. "చెప్పండి" అంది. "అత్తా, నువ్వు చెప్పు. ఎవరైనా చెప్పండి. కాలవ బాలేదని ఒక్క మాట చెప్పండి, చాలు."

ఎవరూ నోరు విప్పలేదు. తలలు దించుకున్నారు. కాలవ బాలేదంటే, ఇన్నాళ్లూ దాన్ని చూసుకున్న అక్కను అన్నట్టే అవుతుందని వాళ్ల బాధ. కళ్ల ముందే వీధి ముంచినా సరే, పరాయి మనిషి ముందు ఆవిడని ఒక్క మాట అనరు. ఆ ప్రేమ చూస్తే నాకు పట్టుకుని నాలుగు దులపాలనిపించింది.

అప్పుడు బాబాయి కర్ర పక్కన పడేసి, నీళ్లలో కాళ్లీడ్చుకుంటూ ఇంజినీరు ముందుకొచ్చాడు.

"రాసుకోండి సార్. ఫిర్యాదు."

"దేని మీదండీ?"

"మా కౌన్సిలరు మీద. మేం తీసిన కాలవ పూడ్చింది. మా ఇంట్లోకి నీళ్లు తోలింది. నా పెళ్లాం నడవలేదు, మంచం మీద ఉంది, అది తెలిసీ తోలింది. ఇంత ఇరుకు కాలవ కాబట్టే పది గిన్నెల బురదకి పూడింది. పెద్దది కట్టుంటే తోలగలిగేదా? అది కూడా రాయండి."

ఇంజినీరు అక్క వైపు చూశాడు. "మేడమ్, ఇది మీ మీదే అవుతుంది. పైవాళ్లు సంజాయిషీ అడుగుతారు."

"రాయండి" అంది అక్క.

ఆయన రాసుకున్నాడు. వెంటనే అత్త ముందుకొచ్చింది. "నాది కూడా రాయి బాబూ. ఆ గిన్నె మా ఇంట్లోది" అంది. తర్వాత ఒకరి వెనక ఒకరు. అందరి ఫిర్యాదూ కౌన్సిలరు మీదే, అందరి ఫిర్యాదులోనూ కాలవే. నేను కూడా చెప్పాను. మా అక్క మీద చెప్పుకోవడానికి నా దగ్గర ఫిర్యాదులకి కొరతా?

జీపు వెళ్లిపోయింది. అక్క నీళ్లలోనే నిలబడి ఉంది. మొహమంతా బురద.

"బాబాయ్, నిజంగా కోపమొచ్చిందా?" అంది.

"రాదా మరి? ఇల్లంతా చెరువు చేశావు" అన్నాడు. చెంపల మీది నీళ్లు తుడుచుకున్నాడు, వాన నీళ్లో మరేమో. "కాలవ వస్తుందా?"

"వస్తుంది."

"వచ్చేదాకా నాతో మాట్లాడకు. ముందు లోపలికి రా, ఆ మంచం రెండో వైపు ఎత్తాలి, నా ఒక్కడి వల్ల కాదు."

అక్క ఏడుస్తూనే ఆయన వెనక ఆ ఇంట్లోకి వెళ్లింది.