దసరా దోతి, తెల్లకాగితం

గద్వాల జిన్నింగు మిల్లుల మేనేజరు నాగేష్ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. దసరాకు దోతి పెట్టిండు. నన్ను ముంచింది ఆ దోతే.

ఆయుధపూజ నాడు మిషన్లకు బంతిపూల దండలేసి, గుమ్మడికాయ కొట్టినంక మమ్ముల వరుసగ నిలబెట్టేటోడు. మగోళ్లకు దోతి, ఆడోళ్లకు చీర, తలా ఒక లడ్డు పొట్లం. పక్కనే తెల్లకాగితాలు. "బట్టలు ముట్టినట్టు సంతకం, గంతే" అనేటోడు. నేను అయిదో తరగతి దాకా చదివినోన్ని, అందరికంటె ముందు నిలబడి పేరు రాసేటోన్ని. పత్తి ఎత్తే మైసమ్మ వెనకాడితే నేనే ఆమె బొటనవేలు పట్టి ముద్ర వేయించిన. "పెట్టవమ్మా, నీ మెడకు ఉరేం పడదు" అని నవ్విన.

పదకొండో దసరా ఎల్లినంక పీఎఫ్ ఏదని అడిగిన. తెల్లారి గేటు కాడ వాచ్‌మెన్ ఆపిండు. "కృష్ణయ్యన్నా, నీ పేరు కొట్టేసిండ్రు."

లేబర్ ఆఫీసుల రాజీ కుదరలే. కేసు హైదరాబాద్ లేబర్ కోర్టుకు పోయింది. ఆరేండ్లు తిరిగిన. ఒకనాడు జడ్జి సెలవు, ఇంకోనాడు మిల్లు వకీలు రాలే. వాయిదా ఉన్న రోజు కూలి పాయె.

"ఏందయ్యా, గెలిస్తే నిజంగ పనిస్తరా?" అని నా భార్య జమ్ములమ్మ అడిగేది.

"చట్టం ఉంది గదా" అనేటోన్ని.

ఆఖరికి మిల్లోళ్లు పదకొండు కాగితాలు తెచ్చిండ్రు, ఏడాదికొకటి, ఏటేటా పని మానేసి మళ్ల కొత్తగ చేరినట్టు. కింద నా సంతకం. పైన టైపు కొట్టి ఉంది: 'నా ఇష్టపూర్వకంగా పని మానుకుంటున్నాను. నాకు రావలసినదంతా ముట్టినది.'

"ఇది నీ సంతకమేనా?" జడ్జి అడిగిండు.

"నాదే సార్. అప్పుడు కాగితం తెల్లగ ఉండె."

"తెల్లకాగితం మీద ఎందుకు పెట్టినవయ్యా?"

"పండుగ పూట బట్టలు పెడుతుంటే ఎవరన్న అనుమానపడుతరా సార్?"

నా తరపు సాక్షి మైసమ్మ ఒక్కతే. మిల్లు వకీలు ఆమెను మెల్లగ అడిగిండు, "మేనేజరు నిన్ను బలవంతం చేసిండా అమ్మా?"

"లేదు సారూ. కృష్ణయ్యన్ననే నా వేలు పట్టి పెట్టించిండు. ఏం కాదన్నడు."

ఆమె అబద్ధమాడలే. బయటికొచ్చినంక, "అన్నా, బాగనే చెప్పిన్నా?" అనడిగింది.

"బాగనే చెప్పినవమ్మా" అన్న.

కేసు కొట్టేసిండ్రు. హైకోర్టుకు పోవచ్చన్నడు నా వకీలు. ఏం పట్టుకోని పోవాలె?

అన్నలారా, అక్కలారా, కోర్టు కాగితాన్ని చూస్తది. అది తెల్లగున్న రోజును చూడదు. పెట్టిన బట్టలు కట్టుకోండ్రి గానీ, రాయని కాగితం మీద వేలు పెట్టకుండ్రి, ఇంకొకరితోని పెట్టించకుండ్రి. మొన్న దసరాకు గేటు బయట నిలబడి మిల్లు పనోళ్లకు ఇదే మాట చెప్పిన. "దోతి రాలేదని కుళ్లుకుంటుండు" అని నవ్వుకుంట పోయి వరుసల నిలబడ్డరు.

కేసు కోసం నేను అమ్మింది రాజోలి శివారుల మా నాయన ఇచ్చిన చెల్క భూమి, ముప్పై రెండు గుంటలు.