మైకులో పేరు

కల్లంలో మిరపకాయల బస్తా ఒకటి మాయమైతే, ఆసామి పున్నారావు ముందూ వెనకా చూడకుండా ఆ దొంగతనం రూతమ్మ నెత్తిన రుద్ది, ఇక కూలికి రావద్దన్నాడు.

రూతమ్మకు ఒళ్ళు మండిపోయింది. పాస్టరుగారేమో, "న్యాయం దేవుడికొదిలెయ్యమ్మా. హింసించేవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యమన్నాడు ప్రభువు" అన్నాడు.

"ఓ, దానికేం భాగ్యం!" అనుకుంది రూతమ్మ. రోజూ తెల్లారేసరికి చర్చి మైకు అందుకుని, "తండ్రీ, నన్ను ఊరికే దొంగను చేసిన పున్నారావుగారిని, ఆ మూడంతస్తుల మేడలో ఉండే పున్నారావుగారిని చల్లగా చూడు" అని ఊరు అదిరిపోయేలా మొరపెట్టేది. నాలుగు వారాలు ఒక్క పూటా తప్పలేదు.

చివరికి పున్నారావే చర్చి గుమ్మం దగ్గరికొచ్చాడు. "బస్తా మా బావమరిది అమ్ముకున్నాడంట. తప్పయిపోయింది రూతమ్మా, రేపట్నించి పనిలోకి రా. నీకు దణ్ణం పెడతా, నా పేరు మాత్రం ఆపెయ్."

"మైకులో ఆపేస్తానయ్యా. ప్రార్థనలో ఆపలేను" అంది రూతమ్మ. "కచ్చకొద్దీ మొదలుపెట్టా. బస్తా సంగతి తేలకముందే ఆ కచ్చ కాస్తా పోయింది. ఇప్పుడు మీ పేరెత్తకపోతే నాకు ముద్ద దిగట్లా. ఏం చేద్దాం, మీ సంగతి చూడమంటే ఆ దేవుడు ముందు నా సంగతి చూశాడు."